పోచమ్మకు కండ్లు

తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకును తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది శాంతవ్వ. బీడీ కార్ఖానాలో ఇచ్చిన కట్టలో అడుగున బూజు ఆకు దాచి ఉంటారని ఆమె అనుమానం. బూజు లేదు. అయినా ఒక ఆకును వెలుతురుకు ఎత్తి ఇంకోసారి చూసుకుని, అప్పుడు గాని కత్తెర పట్టలేదు.

ఎల్లారెడ్డిలో ఆ వాడ ఆడవాళ్ళు చాలామంది బీడీలు చేసేవాళ్ళే. శాంతవ్వ గడప పక్కన గోడకు వీపు ఆనించి, ఒక కాలు చాచి, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటుంది. రేకుముక్క కొలతగా పెట్టి ఆకు కత్తిరిస్తుంది. అందులో చిటికెడు తంబాకు పోసి, బొటనవేళ్ళతో చుట్టి, కొనను వేలిగోటితో లోపలికి మడిచి దారం కడుతుంది. చూపు మాత్రం చేతుల మీద ఉండదు, వీధిలో ఉంటుంది. కుడికన్ను కొంచెం చిన్నది చేసి చూడటం ఎప్పటి నుంచో అలవాటు. పాలలో నీళ్ళు ఎవరు కలిపారు, తన కోడిని ఎవరు తరిమారు, పక్కింటివాళ్ళు గొంతు తగ్గించి ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారు, అన్నీ ఆ కంటికే కావాలి. మొగుడు పోయాక ఒంటిచేత్తో ఇల్లు నిలబెట్టింది. ఎవరినీ తొందరపడి నమ్మలేదు కాబట్టే నిలబడ్డానని ఆమె లెక్క.

కొద్ది రోజులుగా ఆ కన్ను వీధిని వదిలి లోపలి గది తలుపు మీద పడింది.

తలుపు వెనక మనుమరాలు సాయిలత ఉంది. కొడుకూ కోడలూ కామారెడ్డిలో ఒకే గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. పిల్ల హైదరాబాద్‌లో బొమ్మలు వేసే చదువు చదువుతోంది. సెలవులు ఇవ్వగానే, ఆ గదిలో రంగులు పరుచుకునే జాగా లేదని ఇక్కడికి వచ్చింది. బోనాల దాకా ఉంటానంది. శాంతవ్వకు లోపల పొంగిపోయినంత పనైంది. పైకి మాత్రం, "గన్ని దినాలు నాకాడ నీకేం పనే?" అంది.

చిన్నప్పుడు ఈ గడపలోనే కూర్చుని బొగ్గుముక్కతో బండల మీద కోళ్ళను గీసేది సాయిలత. కత్తిరించగా మిగిలిన ఆకుముక్కలు అతికించి నెమలి చేసేది. కాలేజీలో చేరిన కొత్తలో కుండలు, సీసాలు, పండ్లు గీసుకొచ్చి, "నీడ ఎట్లచ్చిందో సూడవ్వా" అని చూపించింది.

"పండు కన్న నీడనే మంచిగున్నది" అంది శాంతవ్వ. పిల్ల పడీ పడీ నవ్వింది.

ఇప్పుడేమో ఏదీ చూపించదు. తలుపు దగ్గరకు వేసుకుంటుంది. డబ్బాలో పసుపు తరిగిపోతోంది. చాటలో రాలిన తంబాకు పొడి ఎటు పోతోందో తెలియదు. పరీక్షల ముందు కూడా దండం పెట్టని పిల్ల, ఇప్పుడు పొద్దున్నే తలస్నానం చేసి వాడ చివర పోచమ్మ గూడు ముందు కూర్చుంటోంది. ఆ గూటిలో ఉన్నది పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన ఒక రాయి. దానికి మొహమంటూ లేదు. మొన్న ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే శాంతవ్వ చెవిన పడింది: "అవ్వకు ఇంక చెప్పలే సార్. చెప్తే ఒప్పుకోదు."

ఏమి చెప్పలేదు? దేనికి ఒప్పుకోదు? తను పోతానంటేనా? ముసలిదానితో విసుగొచ్చిందా?

పొద్దెక్కాక పక్కింటి హన్మవ్వ తన చాట పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. సన్నగా తుంపర పడి ఆగింది.

"శాంతక్కా, నీ మనుమరాలు ఏం జేస్తున్నదే లోపల?"

"సదువుకుంటున్నది."

"తలుపేసుకోని సదువుడా?"

"నీ మనుమడు తలుపు తీసి సదివి ఏం పాసయిండు?"

హన్మవ్వ నవ్వి, దారం కొరికి ఉమ్మేసింది. "నామీద ఎగురకు. కిటికీలకెల్లి చూసిన. పోచమ్మను గీస్తున్నది. మొకం పెట్టింది. కండ్లు గూడ పెట్టిందనుకో, నువ్వు సూసుకోవాలె మరి."

శాంతవ్వ చేతిలో బీడీ విప్పుకుపోయింది. తంబాకు చీర మీద రాలింది.

పిల్లలకు తట్టు పోస్తే అమ్మవారు ఇంటికి వచ్చిందంటారు. తగ్గాక పెరుగన్నం పెట్టి, వేపమండలతో పొలిమేర దాటించి సాగనంపుతారు. అందుకే ఆ వాడలో ఎవరూ కండ్లున్న పోచమ్మను ఇంట్లో పెట్టుకోరు. కండ్లు తెరిచిందంటే వచ్చినట్టే. బొమ్మలో అట్లా వచ్చిన అమ్మను ఆ పొద్దు గూకక ముందే దాటించాలి. తెచ్చిన మనిషే దాటించాలి. దాటించిన మనిషి బోనాలయ్యేదాకా మళ్ళీ ఆ గడప తొక్కకూడదు, తొక్కితే అమ్మ వెనకే వస్తుంది. శాంతవ్వ చిన్నబిడ్డ తట్టుతోనే పోయింది. తగ్గుముఖం పట్టిన రోజు వాన వెలియలేదని సాగనంపడం తెల్లవారికి వాయిదా వేశారు. తెల్లవారేసరికి పిల్ల లేదు.

ఆమె చాట పక్కన పెట్టి, లేచి, తలుపు తోసింది.

గోడకు ఆనించి కిటికీ అంత బట్ట, నాలుగు కర్రలకు బిగించి ఉంది. అందులో పసుపు పచ్చని రాయి. రాయే, కానీ కూర్చున్న ఆడమనిషిలా ఉంది. ఒక కాలు చాచి ఉంది. ఒళ్ళో చాట. నేలంతా తంబాకు పొడి రుద్దిన మట్టిరంగు, చుట్టూ ఆకుముక్కలతో అంచు. మొహంలో ముక్కు లేదు, నోరు లేదు. రెండు కండ్లు మాత్రం ఉన్నాయి. నల్లగా, తడిగా మెరుస్తున్నాయి.

సాయిలత కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎప్పుడు పెట్టినవే కండ్లు?"

"ఇప్పుడే అవ్వా."

"ఎందుకు పెట్టినవ్?"

"కాలేజీల అందరు రాముణ్ణి, కృష్ణుణ్ణి గీస్తరు. మంచిగనే గీస్తరు. నాకు మాత్రం గీ రాయి ముంగట కూసుంటెనే మొక్కబుద్దయితది. కండ్లు పెట్టొద్దనే అనుకున్న. పొద్దుగాల గూడు కాడ కూసుంటే నన్నే సూస్తున్నట్టు అనిపిచ్చింది. వచ్చి పెట్టిన."

"నీకు చిన్నప్పటిసంది చెప్పలేదా కండ్ల సంగతి?"

"చెప్పినవ్. గీసేటప్పుడు యాదికి రాలే."

శాంతవ్వ కుడికన్ను చిన్నదైంది. అంత పెద్ద మాట యాదికి రాకపోవడమేమిటి? కండ్లు పెడితే పంపాల్సి వస్తుందని తెలుసు. పోతానని నోటితో చెప్పలేక గిట్ల చేసిందేమో.

"తుడిచెయ్యనా?" అంది సాయిలత.

"కండ్లు పెట్టి తీస్తవా? అమ్మతోని ఆటలా?" శాంతవ్వ మొహం పక్కకు తిప్పుకుంది. "సంచి సదురుకో. పొద్దు గూకకముందే పొలిమేర దాటాలె."

"అవ్వా, బోనాలకు ఉంటనన్న గద."

"ఇప్పుడెట్లుంటవ్?"

శాంతవ్వ అన్నం వండి, పెరుగు కలిపి, బొమ్మ ముందు ఆకులో పెట్టింది. వేపమండలు కర్రలకు కట్టింది. దండం పెట్టి, మనుమరాలి నెత్తి చుట్టూ ఉప్పు తిప్పి పారేసింది. అంతసేపూ పిల్ల మొహంలోకి చూడలేదు.

రంగు ఆరలేదు, చుడితే చెరిగిపోతుంది. అందుకని చెరో పక్క పట్టుకుని వీధిలోకి దిగారు. బొమ్మ మొహం ముందుకు పెట్టి, పెండ్లి మంచం మోసినట్టు నెమ్మదిగా నడిచారు. బీడీలు చేస్తున్న ఆడవాళ్ళు చాటలు దించి లేచి నిలబడ్డారు. హన్మవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి దారిలో అమ్మవారికి సాక పోసింది. దండం పెట్టబోయి ఆగి, బొమ్మ వంక, శాంతవ్వ వంక మార్చి మార్చి చూసింది.

"అక్కా, గీ సూపు నీదేనే! పాలోణ్ణి సూసే సూపు!"

"నోరు మూసుకోని మొక్కు" అంది శాంతవ్వ. ఆమె నడక మాత్రం కాసేపు తడబడింది.

కామారెడ్డి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందవ్వా గది? లగేజి టికెట్ పడ్తది."

"పోచమ్మ తల్లి. పొలిమేర దాటుతున్నది."

అతను వంగి చూసి, టోపీ లేని నెత్తి తడుముకున్నాడు. "ఆడోళ్ళకు ఫ్రీ గద. అమ్మవారికి సుత టికెట్ లేదు తియ్యి. ముంగట సీట్ల పెట్టుండ్రి, ఎవలకు తాకకుంట."

బస్సులో వాళ్ళు నవ్వారు, కొందరు దండాలు పెట్టారు. శాంతవ్వ సంచిని పైకి అందించింది. అది మరీ తేలికగా ఉంది. సామాను ఏ పొద్దో పంపించేసిందేమో అనుకుంది. పిల్ల రంగు మరకల పాత డ్రస్సుతోనే ఎక్కడం కూడా చూసింది. బట్టలు మార్చుకునే ఓపిక కూడా లేనంత తొందరా పోవడానికి?

"పోయస్త అవ్వా."

"పొలిమేర దాటేదాకా ఎనుకకు సూడకు" అంది శాంతవ్వ. మంచిగ తినమని గానీ, ఫోన్ చెయ్యమని గానీ అనలేదు.

సాయిలత నిజంగానే వెనక్కి చూడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి బొమ్మ కర్రను పట్టుకునే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మబ్బు కమ్మి వెలుతురు తగ్గింది. శాంతవ్వ ముందుగదిలో కాసేపు నిలబడింది. మనిషి పోగానే ఇల్లు ఊడవకూడదు కాబట్టి చీపురు ముట్టలేదు. కోడిని గంప కింద కమ్మడానికి పెరట్లోకి పోయింది.

పెరట్లో దండెం కిందికి వంగి ఉంది. దాని మీద సాయిలత బట్టలు, తెచ్చుకున్నవన్నీ. ఎప్పుడో పొద్దున, తలస్నానం చేసినప్పుడు ఉతికి ఆరేసుకున్నట్టుంది. కుర్తాలు, రెండు చున్నీలు, బోనాల నాడు కట్టుకుంటానని తెచ్చుకున్న ఎర్రంచు లంగా కూడా.

శాంతవ్వ దగ్గరికి పోయి లంగా అంచు పట్టుకుని పిండి చూసింది. రెండు కండ్లూ పూర్తిగా తెరిచి చూసింది.

ఆ పక్కనే, మందమైన నీలం ప్యాంటు కాళ్ళ కొసల నుంచి ఇంకా నీళ్ళు బండ మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి.