మోళ్లు చెక్కే ముత్యం

పన్నెండో మోడు దగ్గర ముత్యం మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. బాడిసను రెండు చేతులా పట్టుకుని, నరికినట్టు కాక గీరినట్టు దించుతున్నాడు. దెబ్బకొక చెక్కపేడు అరచేయంత వెడల్పున లేచి పక్కకు పడుతోంది. కొత్తగా కోసిన టేకుకు పచ్చితోలు వాసన ఉంటుంది. ఆ వాసన అతని పంచెకు, తలగుడ్డకు, చేతులకు ఏనాడో పట్టేసింది. అది ఉందని కూడా అతనికి ఇప్పుడు తెలియదు.

చెట్టు నరికాక మిగిలే మోడు జానెడుకు మించకూడదు. పైభాగం నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా, తాబేటి వీపులా ఉండాలి. వాన నీరు నిలిస్తే మోడు కుళ్లిపోతుంది. నిలవకుండా జారిపోతే తొలకరికి పక్కల నుంచి చిగుళ్లు లేస్తాయి, అవే మళ్లీ చెట్లవుతాయి. ఇది సర్కారు పెట్టిన నియమం. ఫారెస్టు గార్డు దీన్ని కాగితం చూసి చదివి వినిపించేవాడు. ముత్యానికి కాగితంతో పనిలేదు. చెక్కడం అయ్యాక నడుముకు చుట్టిన గుడ్డలోంచి ఎండిన రేగుపండు ఒకటి తీసి మోడు నడినెత్తిన పెడతాడు. అది ఏదో ఒక పక్కకు దొర్లి పడిపోవాలి. ఎక్కడైనా ఆగితే, ఆగిన చోట ఇంకొక పొర లేపుతాడు. సీజను మొత్తానికి ఒకటే రేగుపండు. కింద పడ్డదాన్ని వెతికి తీసుకుని మళ్లీ గుడ్డలో ముడేసుకుంటాడు.

ఈ మధ్య ఆ వెతకడానికే ఎక్కువసేపు పడుతోంది.

జైనూర్ పైన గుట్టల్లో ఆ ఏడాది నరకడానికి విడిచిన అడవి ముక్క అది. కూపు అంటారు. చలికాలం మొదలవగానే కరీంనగర్ దిక్కు పల్లెల నుంచి మనుషులు వచ్చి, గుడిసెలు వేసుకుని, ఎండలు ముదిరేదాకా పని చేసి పోతారు. ముత్యం అలా రావడం ముప్పై ఒకటోసారి. మొదట్లో నడిచి వచ్చేవాడు. తరవాత ఎడ్లబండ్ల మీద, ఇప్పుడు ఖాళీ లారీల్లో. ఇరవై నాలుగేళ్లు పెద్ద రంపానికి ఒక కొన పట్టి లాగాడు. ఎడమ భుజం కుడి భుజం కంటే నాలుగు వేళ్లు కిందికి దిగిపోయింది. ఒక ఏడాది వాలులో దొర్లిన దుంగ ఆ భుజాన్నే తాకింది. అప్పటినుంచి రంపం పట్టలేడు. ఇంటికి పోతాడనుకున్నారు గాని, ఇంట్లో ఎవరున్నారు? భార్య పోయి చాన్నాళ్లయింది, పిల్లలు లేరు. నరికేవాళ్ల వెనక నడుస్తూ మోళ్లు చెక్కే పని అడిగి పట్టుకున్నాడు. అంత దూరం వచ్చి అంత చిన్న పని చేయడానికి ఇంకెవరూ ఒప్పుకోరు కాబట్టి అది అతనికే మిగిలింది.

పన్నెండో మోడుకు దిగువ పక్కన పెద్ద చీలిక ఉండేది. చెట్టు ఒరిగేటప్పుడు ఒక పట్టీ చీరుకుపోయింది. చీలికలో నీరు చేరుతుందని ముత్యం పొద్దున్నే దాన్ని పైనుంచి నేలదాకా నున్నగా తీసేశాడు. ఇప్పుడు పైభాగం కూడా అయ్యాక రేగుపండు పెట్టాడు. అది చక్కగా దొర్లింది. అలవాటుగా బొటనవేలిని మోడు ఎగువ పక్కన, బెత్తెడు ఎత్తున రాశాడు.

వేలికి ఏమీ తగల్లేదు.

చెట్టు నరకడానికి ముందు గార్డు చెట్టు మొదలు దగ్గర బెరడు చెక్కి ముద్రసుత్తెతో కొడతాడు. చెట్టు పోయినా ఆ ముద్ర మోడు మీద ఉండిపోతుంది. సర్కారు నరకమన్న చెట్టే నరికారనడానికి అదొక్కటే సాక్ష్యం. ముద్ర లేని మోడు దొంగమోడు. ఆ వరసలో రంపం పట్టినవాడే దొంగ. నిజాం జమానాలో ముద్రలో ఉర్దూ అక్షరం ఉండేది, ఇప్పుడు వేరేది ఉంది. ముత్యం రెండూ చదవలేడు. రెండూ బొటనవేలికి తెలుసు.

అతను మోడు చుట్టూ మోకాళ్ల మీద తిరిగాడు. ఎగువన మోడుకు జానెడు ఎడంలో పెద్ద రాయి ఉంది. సుత్తె ఎత్తడానికి చోటు లేదు. ముద్ర ఎప్పుడూ ఎగువనే కొడతారు, ఈ ఒక్కదానికి దిగువన కొట్టి ఉంటారు. చీలికతో పాటు ఆ ముద్రను తనే తీసేశాడు. ఎడమ కన్నుకు పొర కమ్మి రెండేళ్లయింది. కుడిదానికి ఈ చలికాలం మొదలైంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

చుట్టూ తడిమాడు. పొద్దున రాలిన చెక్కపేళ్లు లేవు. ఆడవాళ్లు తట్టలతో వెనకే వచ్చి పొయ్యిలోకి ఏరుకుపోతారు.

ఆ వరసలో రంపం పట్టింది పర్శరాములు. ముత్యం చెల్లెలు శంకరవ్వ కొడుకు. రెండేళ్ల కింద ఇంటి కప్పుకని ఒక టేకు దూలం చెప్పకుండా తెచ్చుకుని ఆసిఫాబాద్‌లో మూడు రోజులు లోపల ఉండి వచ్చాడు. ఇంకోసారి పేరు కాగితానికెక్కితే జైలేనని, మళ్లీ ఏ కూపులోనూ అడుగు పెట్టనివ్వమని అప్పుడే రాసి ఉంచారు. మోళ్లు చూడడానికి రేంజరు మధ్యాహ్నం వస్తున్నాడు.

ముత్యం పోయి చెప్పగానే పర్శరాములు రంపం ఆపాడు. అతని జోడీవాడు బీడీ ముట్టించుకోవడానికి దూరంగా పోయాడు. ఆ మోడును తవ్వి పారేసి గుంత పూడ్చి కంప కప్పుదామన్నాడు పర్శరాములు.

"ఎవ్వలు చూడలే మామా. సాబ్ జర పైపైన చూసి పోతడు."

"నంబర్లేసుకొని వస్తడు బిడ్డా. ఒక్కటి తక్కువైతే గా గుంత నీ పేరే చెప్తది."

"మరేం జేద్దాం?"

ముత్యం గుడిసెల వైపు నడిచాడు.

శంకరవ్వ గుడిసె ముందు చెక్కపేళ్ల కుప్ప నడుమెత్తు ఉంది. ముత్యం దాని ముందు చతికిలబడి ఒక్కొక్క పేడు తీసి బొటనవేలు రాసి పక్కకు వేయసాగాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచినా లాభం లేనప్పుడు మూసుకుంటేనే వేలు బాగా పనిచేస్తుంది. శంకరవ్వ అంబలి కలుపుతూ కొంతసేపు చూసింది.

"ఏందన్నా, కోడిలెక్క కెలుకుతున్నవ్? గుడ్డు వెట్టినవా అండ్ల?"

"ముద్ర వోయింది. పన్నెండో మోడుది. చెక్కేసిన."

గరిటె ఆగింది. ఆ వరస ఎవరిదో ఆమె అడగలేదు. పొయ్యిలో మండుతున్న వాటిని చేత్తోనే బయటకు లాగి నీళ్లు చల్లింది. పొద్దున రెండు తట్టలు తెచ్చానని, అందులో సగం ఇప్పటికే బూడిదైందని చెప్పింది. ఆ తరవాత ఇద్దరూ వెతికారు. నడుమెత్తు కుప్ప అవతలి పక్కకు మారింది. ఏ పేడుకూ ముద్ర లేదు.

శంకరవ్వ పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ లేచి, నీళ్లు తాగుదామని కుండ దగ్గరకు పోయి అక్కడే నిలబడిపోయింది. కుండ పొద్దున ఊగుతుంటే దాని కింద ఒక చెక్క పెట్టింది.

"అన్నా. నున్నగ ఉన్నదని వెట్టిన."

కుండను ఇద్దరూ పట్టి ఎత్తారు. కింద తడిసిన చెక్క ఉంది. ముత్యం బొటనవేలు దాని మీద పెట్టాడు. వేలు పల్లంలో ఆగింది.

రేంజరు రాజమండ్రి దిక్కు నుంచి కొత్తగా వచ్చిన యువకుడు. అతని మాట కూలీలకు ఒకటికి రెండుసార్లు వింటే గాని అందేది కాదు. పన్నెండో మోడు దగ్గర గార్డు చీటీ చూసి, ముద్ర లేదని పర్శరాములు వైపు చూశాడు. పర్శరాములు నేల చూశాడు. రంపం పట్టినవాడు ఇతనే, పాత కేసు కూడా ఉందని గార్డు చెప్పాడు.

ముత్యం ముందుకు వచ్చి, చెక్కను మోడు పక్కన ఆనించి పట్టుకున్నాడు. రేంజరు గొంతుక్కూర్చున్నాడు. చెక్కలోని గీతలు మోడులోని గీతలతో ఒక్కొక్కటే కలిశాయి. బెరడు బెరడుతో కలిసింది.

"ఎవరు చెక్కారు?"

"నేనే సాబ్. పిలగానికి తెల్వది."

"ముద్ర కనపడలేదా?"

ముత్యం చెక్కను మోడుకు ఇంకొంచెం నొక్కి పట్టాడు. రేంజరు లేచి, ఇరవై అడుగుల దూరంలో విత్తనానికని విడిచిన చెట్టు వైపు చేయి చూపించాడు. దాని మీద తెల్లరంగుతో అంకె వేసి ఉంది.

"ఆ చెట్టు మీద ఏముంది?"

ముత్యం ఆ చేయి చూపిన దిక్కుకు ముఖం తిప్పాడు. అబద్ధం చెప్పడానికి వీలున్న ప్రశ్నే. పక్కనే ఉన్న పర్శరాములు ఆ అంకె గొణిగినా సరిపోయేది.

"ఏ చెట్టు సాబ్?" అన్నాడు.

రేంజరు గార్డు వైపు తిరిగాడు. చెక్కను రెండు మేకులతో మోడుకు కొట్టించాడు. పక్కన మళ్లీ ముద్ర వేయించాడు. కాగితంలో ఏదో రాసుకుని, పర్శరాములు పేరు అక్కర్లేదని గార్డుకు చెప్పాడు. ముసలాయన చేతికి ఇక పనిముట్టు ఇవ్వొద్దన్నాడు. కళ్లు కనపడనివాణ్ణి దుంగలు దొర్లే చోట ఉంచితే రేపు ఆ ప్రాణానికి తను జవాబు చెప్పాలన్నాడు. సాయంత్రం లారీలో పంపేయమన్నాడు. కోపంగా అనలేదు. పదమూడో మోడుకు నడిచాడు.

"ఇంక ఏడు మోళ్లున్నయ్ సాబ్" అన్నాడు ముత్యం.

"పర్శరాములు చెక్కుతాడు."

ఆ ఏడు మోళ్లూ పర్శరాములు చెక్కుతుంటే ముత్యం పక్కన కూర్చున్నాడు. చూడలేదు, విన్నాడు. "లోతుకు వోతున్నవ్" అని రెండుసార్లు, "గిప్పుడు మంచిగుంది" అని ఒకసారి అన్నాడు. ఏడోది అయ్యాక పర్శరాములు బాడిసను భూమ్మీద పెట్టి మామ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఏదో అనబోయాడు గాని, ముత్యం అతని నెత్తి మీద చేయి పెట్టి పైకి లేవడానికి ఆసరా చేసుకున్నాడు.

లారీ దుంగలతో నిండి, గొలుసులు బిగించుకుని నాలుగింటికి కదిలింది. మంచిర్యాల దాకా లారీ, అక్కడ గోదావరి దాటి కరీంనగర్ దిక్కుకు బస్సు. శంకరవ్వ జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. డ్రైవరు పక్కన చోటుంది, లోపల కూర్చోమన్నాడు. ముత్యం వద్దని దుంగల మీదికే ఎక్కాడు. ఎక్కేటప్పుడు చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఇంట్ల ఒక్కనివి ఏం జేస్తవన్నా?" అని శంకరవ్వ కింద నుంచి అడిగింది.

"ఏం జేస్త, పండుకుంట" అన్నాడు ముత్యం. "ముప్పై ఏండ్ల నిద్ర బాకీ ఉన్నది."

ఉగాది రాకముందే అతను నిద్రలోనే పోయాడు. కూపులో పని ఇంకా నడుస్తున్నందున చెల్లెలూ మేనల్లుడూ అక్కడే ఉన్నారు, వాళ్లకు కబురు చేరేసరికి పదో రోజు కూడా దాటిపోయింది.

లారీ పోయిన సాయంత్రం మాత్రం అదేమీ ఎవరికీ తెలియదు. శంకరవ్వ తట్ట పట్టుకుని ఆనాటి చెక్కపేళ్లకు వరస వెంట పోయింది. పర్శరాములు చెక్కినవి పొట్టిగా, మందంగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఏరుకుంటూ తల ఎత్తితే, విత్తనానికి విడిచిన, తెల్ల అంకె ఉన్న చెట్టు కొమ్మకు అన్న పొద్దున తగిలించుకున్న ఆనపకాయ నీళ్లబుర్ర వేలాడుతోంది. మూతికి కుక్కిన మోదుగాకు ఇంకా పచ్చగానే ఉంది. ఆమె చేయి ఆనించి చూసింది. ఎండంతా దాని మీదే పడినా, లోపల సగానికి పైగా నీళ్లు చల్లగా ఉన్నాయి.