కోడలి పడవ

దర్జీ పని మానేసిన అత్తగారు అరవై దాటాక కోడలి దగ్గర కయాక్ నడపడం నేర్చుకుంటోంది. ఏటి సుడిలో ఆ చిన్న పడవ తలకిందులైంది. తల నీళ్లలో, నడుము పడవలో. నడుము చుట్టూ పడవ నోటిని మూసిన గుడ్డకున్న పట్టీ లాగితే బయటపడొచ్చు. కానీ కోడలు ముందే చెప్పింది: "ఇక్కడ పడవ వదిలితే రాళ్లకు కొట్టుకుంటారు. పడవ అడుగున చరవండి, నేనొస్తా."

ఆవిడ చరిచింది. చేతులు నీటి పైకి చాపి వెతికింది. ఏమీ తగల్లేదు. ఊపిరి అయిపోవస్తోంది. ఒక చెయ్యి పట్టీ మీదికి పోయి ఆగింది. అప్పుడు రెండో చేతికి కోడలి పడవ ముక్కు తగిలింది. దాన్ని పట్టుకుని పడవతో సహా పైకి లేచింది.

దగ్గు తగ్గాక, "ఇంత ఆలస్యమా?" అంది.

"ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను అత్తయ్యా. నా మాట వింటారనుకోలేదు."

 అత్తగారు కోడలి చేతులను గట్టిగా పట్టుకుంది.