ఎండపొడ తగలని పిల్ల

పిల్లల ముక్కు కారడాన్ని మన ఇళ్లలో ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? చేతికందిన గుడ్డతో తుడిచేసి, పెద్దయితే అదే పోతుందిలే అని పనిలో పడిపోతాం. ఇంట్లోనే బట్టలు కుట్టే ఒక ఇల్లాలూ అలాగే అనుకుంది.

ఇంటి ముందుగదే ఆవిడ కుట్టుపని గది. ఖరీదైన బట్టలు కుట్టడంలో ఆవిడకు మంచి పేరుంది. ఒకసారి కిటికీ పక్కన పెట్టిన పెళ్లిబట్ట ఎండకు మడత పొడుగునా వెలిసిపోయింది. బట్ట ఇచ్చిన మనిషి వీధంతా వినేలా నానా మాటలూ అని పోయింది. ఆ రోజే ఆవిడ కిటికీలకు మందపాటి దుప్పట్లు వేసి మేకులు కొట్టేసింది. అప్పటినుంచీ పట్టపగలే లైటు వేసుకుని కుట్టేది. ఆవిడ కూతురు కత్తిరింపు బల్ల కింద, గుడ్డపీలికల మధ్య బొమ్మలకు గౌన్లు చుట్టుకుంటూ పెరిగింది.

పిల్లకు లేవగానే తుమ్ములు. ఒకటి మొదలైతే చాలు, ఇక వరస ఆగదు. బడిలో తుమ్ములమ్మ అని పేరు పెట్టేశారు. ముక్కు బిగుసుకుపోయి నోరు తెరుచుకుని పడుకునేది, అదీ ఒక నిద్రేనా? బయటి గాలి పడటం లేదని తల్లి సాయంత్రం ఆటలు కూడా మాన్పించింది. అందుకు అత్తగారూ వంత పాడింది. మనవరాలి మేనిఛాయ అంటే ఆవిడకు ప్రాణం. ఎండలో తిరిగితే పిల్ల ఎక్కడ నల్లబడిపోతుందోనని ఒకటే బెంగ.

చివరికి పంతులమ్మ తల్లిని పిలిపించింది. పిల్ల ఇలా క్లాసులో నిద్రమత్తుతో తూగుతూ ఉంటే పై తరగతికి పంపడం కష్టమని చెప్పింది. మర్నాడే తల్లి పిల్లను డాక్టరమ్మకు చూపించి రక్తపరీక్షలు చేయించింది. రక్తంలో అలర్జీ గుర్తులు హెచ్చుగా ఉన్నాయి, విటమిన్ డి బాగా అడుగంటింది. పిల్ల ఎక్కడ ఆడుకుంటుందని డాక్టరమ్మ అడిగితే, ఎండపొడ తగలకుండా పువ్వులా పెంచుతున్నానని తల్లి గొప్పగానే చెప్పింది.

డాక్టరమ్మ మొహంలో నవ్వు లేదు.

"అదేనమ్మా నా భయం. విటమిన్ డి ఎముకలకే కాదు, ఒంట్లో రోగంతో పోరాడే శక్తికీ కావాలి. అది తక్కువున్న పిల్లల్లో ఈ ముక్కు అలర్జీ ఎక్కువ కనిపిస్తోందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అదొక్కటే కారణమని నేననను. మూసిన గదిలో గుడ్డల నూగు కూడా ముక్కుకు మంచిది కాదు. ముక్కులోకి మందు, విటమిన్ మందు రాసిస్తాను, మానకుండా వాడండి. గది తెరవండి. పిల్లను రోజూ కాసేపు బయట ఆడనివ్వండి."

ఇంటికొచ్చి తల్లి మిషను ముందు కూర్చుంది గానీ చెయ్యాడలేదు. దుప్పటి చిరుగులోంచి సన్నటి ఎండ చార నేల మీద పడుతోంది. పిల్ల బల్ల కింద నుంచి చెయ్యి చాపి ఆ చారలో పెట్టింది. అంతలోనే చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది.

"అమ్మా, నా రంగు కూడా పోతుందా?"

బట్టకు పెట్టిన కట్టడే పిల్లకూ పెట్టానని అప్పుడు తెలిసింది తల్లికి. లేచి, మేకులు ఒక్కొక్కటే ఊడబెరికింది. ఆ చప్పుడుకు అత్తగారు లబలబలాడుతూ వచ్చి, పిల్ల నల్లబడితే నలుగురూ ఏమనుకుంటారని నిలదీసింది.

"ఊపిరాడని తెల్లదనం మనకెందుకత్తయ్యా? బట్టల్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాను. పిల్లను మాత్రం ఇక దాచను."

అత్తగారు కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగింది. తల్లి మాత్రం పట్టు వదల్లేదు. మందు వేళ తప్పనివ్వలేదు, గదిలో నూగు రోజూ తడిగుడ్డతో తుడిచింది, బడి నుంచి రాగానే పిల్లను ఆటకు తరిమింది. నెలలు గడిచేకొద్దీ తుమ్ములు తగ్గుముఖం పట్టాయి. పూర్తిగా పోయాయా అంటే పోలేదు, అబద్ధమెందుకు? కానీ పిల్ల ఇప్పుడు నోరు మూసుకుని హాయిగా నిద్రపోతోంది. పంతులమ్మ కూడా పై తరగతి గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పి పంపింది.

ఒక సాయంత్రం పొరుగింటి కోడలు, ఒళ్లు కమిలిపోతుందంటూ తన కూతుర్ని ఆటలోంచి లోపలికి లాక్కుపోతోంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని మనవరాలి పరుగులు చూస్తున్న అత్తగారు ఆమెను ఆపింది.

"వదిలెయ్యమ్మా, కాసేపు ఆడుకోనీ. ఎండకు వెలిసిపోయేది బట్ట, బిడ్డ కాదు."