కుక్కర్‌కు కట్టిన గ్లాసులు

పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి వైకుంఠానికి కుదురు లేదు. గద్దె మీద కూర్చుంటాడు, లేస్తాడు. అరలోంచి ఒక గిన్నె తీసి గోటితో కొడతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, మళ్లీ అక్కడే పెడతాడు. బేగంబజార్‌లో ఏళ్ల తరబడి స్టీలు సామాను అమ్ముతున్న మనిషి. మోత వింటే చాలు, రేకు మందమెంతో చెప్పేస్తాడు. ఆ రోజు మాత్రం ఏ మోతా అతని చెవికెక్కడం లేదు.

"సేటూ, గా గిన్నెను ఇయ్యాల ఎన్నిసార్లు కొడ్తవ్? సొట్ట వడ్తది" అన్నాడు మూటలు మోసే మొగులయ్య.

"నీ పని నువ్వు చూస్కో."

"నాకేం పనుంది. నువ్వు గిరాకీని చూస్తలెవ్వు, గిరాకీ నిన్ను చూసి పోతుంది."

వైకుంఠం చేతిలోని ఫోనును తిప్పి తిప్పి చూశాడు. సాయంత్రంలోగా ఒక మాట చెప్పాలి. ఆ మాట కొడుకు గురించి.

కొడుకు నిఖిలేష్ రేసు కార్లు నడుపుతాడు. చిన్నప్పుడు ఎవరిదో పుట్టినరోజని ఊరి బయట కార్టింగ్ ట్రాకుకు వెళ్లాడు. నేలకు ఆనుకుని పోయే ఆ బుల్లి బండి దిగనని ఏడ్చిన పిల్లాడు, పెద్దయ్యాక కూడా దిగలేదు. ఆ ట్రాకులోనే యాకుత్‌పురా డానియేలు కూతురు రూప పరిచయమైంది. ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు, కలిసి గెలిచారు, కలిసి కొట్లాడుకున్నారు. పోయిన వారం ఇద్దరూ చెన్నై వెళ్లి అసలైన ఫార్ములా కారులో టెస్ట్ ఇచ్చి వచ్చారు. దేశమంతా తిరిగి పోటీ పడే జట్టు అది. అందులో ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క సీటు.

ఆ జట్టు చూసుకునే వేణుగోపాల్ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మీ స్టీల్ బ్రాండ్ పేరు కారు మీద, మీ అబ్బాయి కార్లో. మంచి ప్యాకేజీ సర్. సాయంత్రంలోగా చెప్పండి."

"టెస్ట్‌ల ఎవరు ముందొచ్చిండ్రు?" అని అడిగాడు వైకుంఠం.

"ఇద్దరూ టాలెంటెడ్ సర్."

"నేనడిగింది గది కాదు."

"చూడండి సర్, టైమింగ్ ఒక్కటే చూసి సీటివ్వలేం. టైర్లుంటాయి, ఇంజిన్ ఉంటుంది, మెకానిక్‌లుంటారు. స్పాన్సర్ లేకపోతే కారు షెడ్డులోంచే కదలదు. రూపకి ఎవరూ లేరు. మీరు వద్దంటే పుణె కుర్రాడొకడు రెడీగా ఉన్నాడు."

అదీ సంగతి. వైకుంఠం కాదనడానికి కారణం కనపడదు. డబ్బు ఇవ్వగలడు. ఇవ్వాలనే ఉంది. అయినా ఆ 'ప్యాకేజీ' అన్న మాట, పంటి సందున ఇరుక్కున్న పోకముక్కలాగా పొద్దున్నుంచీ సలుపుతోంది.

ఇంతలో మున్నీ వచ్చింది. పాత గిరాకీ. పెళ్లిళ్లకు వంటలు చేస్తుంది. వస్తూనే అరలో వరసగా ఉన్న గ్లాసులు చూపించింది.

"గియ్యి ఒక డజన్ కట్టు సేట్."

వైకుంఠం ధర చెప్పాడు. మున్నీ నవ్వింది.

"క్యా సేట్, మజాక్ చేస్తున్నవా? పోయినసారి కుక్కర్ తీస్కుంటే గివే గ్లాసులు ముఫ్త్‌ల ఇచ్చినవ్."

"గప్పుడు ఆఫర్ ఉండె."

"మరి ఇప్పుడు సుత ఇయ్యి. ముఫ్త్ మాల్‌కు పైసలు ఎవరిస్తరు? నవ్వుతరు నన్ను."

ఆమె ఒక గంటె కొనుక్కుని వెళ్లిపోయింది. మొగులయ్య కిసుక్కుమన్నాడు. వైకుంఠం మాత్రం ఒక గ్లాసు చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. మంచి గ్లాసు. అంచు నున్నగా తిరిగింది, రేకు మందంగా ఉంది. రెండేళ్ల కింద గిరాకీ మందగిస్తే, పడి ఉండటమెందుకని తనే వీటిని పసుపు దారంతో కుక్కర్‌కు కట్టించాడు. సెట్టు కట్టడమంటారు దాన్ని. కుక్కర్లు పోయాయి, వాటితో గ్లాసులూ పోయాయి. ఆ తర్వాత ఆ గ్లాసును గ్లాసుగా కొన్నవాడు ఒక్కడు లేడు.

కారు మీద పేరు, కారులో అబ్బాయి. తన పేరు కుక్కర్. మరి గ్లాసు ఎవరు?

"మొగులయ్యా, దుకాణం చూస్కో" అని స్కూటర్ తాళాలు అందుకున్నాడు.

"ఎటు వోతున్నవ్ సేటూ?"

"ధర కనుక్కొనొస్త."

నయాపూల్ మీద బండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. హారన్ కొట్టే అలవాటు లేని వైకుంఠం ఆ రోజు బొటనవేలు తీయకుండా కొట్టాడు. దబీర్‌పురా దాటి యాకుత్‌పురా స్టేషన్ పక్కనున్న రైల్వే క్వార్టర్ల ముందు బండి ఆపేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

తలుపు తీసింది రూపే. నెత్తి మీద హెల్మెట్ ఉంది.

"రా సేటూ రా, పరేషాన్ గాకు" అన్నాడు లోపల అన్నం తింటున్న డానియేలు. పట్టాలు చూసే ఉద్యోగం ఆయనది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. "ఇంట్ల హెల్మెట్ ఏందని అడిగితే మెడకు కసరత్తట. మంచం మీదికెల్లి తల కిందికి ఏలాడేసి పంటది. బయట స్కూటీ నడిపేటప్పుడు పెట్టుకొమ్మంటె మాత్రం నేను మొత్తుకోవాలె."

"డాడీ, పరువు తీయకు." రూప హెల్మెట్ తీసి మంచినీళ్లు తెచ్చింది. వైకుంఠం తాగకుండానే అడిగేశాడు.

"బిడ్డా, ఒక్క మాట. టెస్ట్‌ల మావోడు నీకన్న ఎంత ఎన్కున్నడు?"

రూప తండ్రి వైపు చూసింది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు.

"వాణ్నే అడగుండ్రి అంకుల్."

"నిన్నడుగుతున్న."

"నేను చెప్తే సీటు కోసం చెప్పినట్టుంటది. వాడు నా దోస్తు. నేను చెప్ప."

డానియేలే అందుకున్నాడు. "తిరగని చోటు లేదు సేటూ. బైకుల షోరూమ్ ఒకాయన దగ్గరికి పోతె, పిల్ల మంచిగుంది, రీల్స్ చేస్తదా అన్నడు. ఇంకొకాయన ఫాలోవర్లు ఎంతమంది అన్నడు."

"ఎంత స్పీడ్ పోతవని ఒక్కడు అడగలె" అంది రూప. గొంతులో కోపం లేదు, విసుగుంది. "మీరే ఫస్ట్ అంకుల్. మీరు సుత మీవోని కోసమే అడుగుతున్నరు."

వైకుంఠం నీళ్లు తాగి లేచాడు. గ్లాసు కింద పెడుతూ అలవాటు కొద్దీ గోటితో ఒకసారి కొట్టాడు. డానియేలు నవ్వాడు. "మీ దుకాణందే సేటూ. కుక్కర్‌తోని వచ్చింది."

గౌలిపుర ఇంటికి చేరేసరికి నిఖిలేష్ సోఫాలో కూర్చుని మోకాళ్లు ఆడిస్తున్నాడు. వైకుంఠం భార్య సుశీల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ అతని ముఖమే చూశారు.

"చెప్పినవా బాపు?"

"చెప్పలె. రూప నీకన్న స్పీడా?"

నిఖిలేష్ మోకాళ్లు ఆగిపోయాయి. "ఎవరన్నరు?"

"ఎవ్వలనలె. అడిగినా చెప్పలె. అందుకే నిన్నడుగుతున్న."

"అర సెకను" అన్నాడు కొడుకు నేల చూస్తూ.

"గంతేనా" అంది సుశీల. "గంతదానికి ఇంత లొల్లా?"

"గంతంటే గంత కాదమ్మా. ప్రతి ల్యాప్‌ల అర సెకను. రేసు సగమయ్యేటాల్లకు ఆమె నా కండ్లకు కనవడది."

"మరి సీటు?" అన్నాడు వైకుంఠం.

"నాకు గావాలె." వాడు తలెత్తి సూటిగా చూశాడు. "ఆమె ఫాస్టని తెల్సు. అయినా నాకు గావాలె. తప్పా? అందరు గిట్లనే ఎక్కుతరు బాపు. పైన ఫార్ములా వన్‌ల సుత తండ్రుల పైసలతోని సీట్లెక్కినోళ్లు ఉన్నరు. లోపలికి పోయినంక నేర్చుకుంట."

తప్పని వైకుంఠం అనలేకపోయాడు. తనూ తండ్రి పెట్టిన దుకాణంలోనే కదా కూర్చున్నది. గదిలో అటు నడిచాడు, ఇటు నడిచాడు. ఫ్యాను వేసి మళ్లీ ఆపాడు.

"మన గ్లాసులు ఖరాబ్ మాలా?" అన్నాడు హఠాత్తుగా.

"ఏ గ్లాసులు?"

"కుక్కర్‌కు కట్టేటియి."

"మంచియే కదా."

"మరి ఎవ్వలు ఎందుకు కొంటలేరు?"

"నువ్వే ఫ్రీగ ఇచ్చి అలవాటు..." అని నిఖిలేష్ ఆగిపోయాడు. ముఖం మెల్లగా ఎర్రబడింది. "నన్ను గ్లాసుతోని పోలుస్తున్నవా?"

"ఆ వేణుగోపాల్ పోలుస్తున్నడు. నిన్ను నా పేరుకు కట్టి అమ్ముతున్నడు. రేపు నువ్వు నిజంగ గెల్సినా, గా స్టీలు దుకాణమాయన కొడుకే కదా అంటరు. నీ ధర నీకు రాదు బిడ్డా."

"అననీ. నాకు ఫికర్ లేదు."

"నాకుంది."

అప్పుడే ఫోన్ మోగింది. వైకుంఠం స్పీకర్ నొక్కాడు, ఇంట్లో అందరూ వినాలని.

"డిసైడ్ చేశారా సర్?"

"చేసిన. కారు మీద మా పేరు రాయుండ్రి. కార్ల ఎవరు ఫాస్ట్ ఉన్నరో వాళ్లను కూసోబెట్టుండ్రి."

"అంటే... ఆ అమ్మాయినా? మీ అబ్బాయి సంగతి?"

"టైమింగ్ మీ దగ్గరే ఉంది కదా సార్."

"నిజానికి సర్," వేణుగోపాల్ గొంతు అప్పటికే కొత్త సరుకు అందుకుంది, "వంటింటి బ్రాండ్‌కి అమ్మాయైతే ఇంకా బాగుంటుంది. హెల్మెట్ ఒక చేతిలో, కుక్కర్ ఒక చేతిలో..."

"గా మాట ఆ పిల్ల ముందట అనకుండ్రి" అని వైకుంఠం పెట్టేశాడు.

నిఖిలేష్ లేచి చెప్పులేసుకుని బయటికి పోయాడు. తలుపు గట్టిగా వేస్తాడనుకున్నాడు వైకుంఠం. వేయలేదు. దగ్గరికి జారేసి పోయాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"నా పేరు మీద కంపెనీ పెట్టినవ్" అంది సుశీల. కారు మీద పడబోయే పేరు సుశీల స్టీల్ మరి. "ఇప్పుడు నా పేరు మీద కారు ఉరుకుతది. దాంట్ల నా కొడుకు లేడు."

చేసింది మంచో చెడో వైకుంఠానికి అప్పటికీ తెలియలేదు. చేశాడంతే.

రెండు రోజులు కొడుకు తండ్రితో మాట్లాడలేదు. మూడో రోజు డానియేలు, రూప దుకాణానికి వచ్చారు. డానియేలు చేతిలో అరటిపండ్ల అత్తం ఉంది. ఏమనాలో తెలియక దాన్ని మొగులయ్య చేతిలో పెట్టాడు. రూప మాత్రం గద్దె ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"కుక్కర్ పట్టుకొని ఫోటో పంపుమన్నడు వేణుగోపాల్ సార్."

"అనొద్దని చెప్పిన."

"అన్నడు. మీ సంగతంతా నిఖిల్ చెప్పిండు, గ్లాసుల ముచ్చట సుత. ఇప్పుడు నన్ను మీ పేరుకు కట్టిండ్రా అంకుల్? నేను ఫ్రీ గ్లాసునా?"

డానియేలు గాబరాపడి "రూపా" అన్నాడు. వైకుంఠం చేతితో వారించాడు. ఈ ప్రశ్న తనకు తట్టనే లేదు. గద్దె దిగి, అరలో మిగిలిన పాత సెట్టునొకదాన్ని ముందు పెట్టుకుని కొంతసేపు చూశాడు.

"గిది నువ్వు" అని కుక్కర్ మీద చెయ్యి వేశాడు. తర్వాత దానికి వేలాడుతున్న గ్లాసును ముట్టుకున్నాడు. "గిది నా పేరు. నీ ఎంట ముఫ్త్‌ల వస్తది. ఫోటో దిగకు."

రూప నవ్వు ఆపుకోవాలని చూసింది, కాలేదు. "నన్ను కుక్కర్ అన్నోళ్లు మీరే ఫస్ట్."

"సీటీ సుత మస్తు కొడ్తది" అన్నాడు మొగులయ్య అరటిపండు ఒలుస్తూ.

అప్పుడే నిఖిలేష్ అన్నం క్యారియర్ పట్టుకుని మెట్లెక్కాడు. రూపను చూసి ఆగాడు. క్యారియర్‌ను తండ్రి చేతికివ్వకుండా గద్దె మీద పెట్టాడు. వెళ్లిపోతాడనే అనుకున్నారందరూ.

"మూడో టర్న్‌ల బ్రేక్ యాడ కొట్టినవ్?" అన్నాడు రూపతో, ఎటో చూస్తూ.

"ఎందుకు?"

"చెప్పరాదూ. ఎల్లకాలం నువ్వే ముందు పోతవా?"

రూప కుక్కర్‌కున్న పసుపు దారం ఊడదీసింది. గ్లాసులు తీసి నేల మీద ఒక వంకరలో పేర్చింది. ఒక చిన్న మూత తీసుకుని కారులా జరిపింది. "నువ్వు గీడనే కొడ్తవ్, భయానికి. నేను గీ గ్లాసు దాటినంక." నిఖిలేష్ కూలబడి మూత లాక్కున్నాడు. జరిపాడు. "లేట్‌గ కొట్టు" అంది. మళ్లీ జరిపాడు. "ఇంకా లేట్‌గ."

వైకుంఠం కూర్చోలేక అటూ ఇటూ తిరిగాడు. దుకాణం ముందు ఎవరో ఆవిడ ఆగి, నేల మీది గ్లాసులు చూపించి అడిగింది. "గవి కుక్కర్‌తోని ఫ్రీయే కదా?"

"కాదమ్మా" అన్నాడు వైకుంఠం. "గవి సపరేటు. ధర ఉంది."

ఒకటి తీసి చూపిద్దామని వంగాడు. నిఖిలేష్ తలెత్తకుండానే అతని మణికట్టు పట్టుకున్నాడు.

"బాపు, గది కదపకు. గాడనే బ్రేక్ కొట్టాలె."