పరస్కీవా వాటా

తిండి ఒంటబట్టిందో లేదో చెప్పే అల్బుమిన్ కాగితం మీద మూడు పాయింట్ తొమ్మిది ఉంది. "నెత్తురు భేషుగ్గా ఉంది. సోమవారం కడుపులో గడ్డ తీసేస్తాం," అంది డాక్టరమ్మ.

ఒటీలియాకు ఒళ్లు మండింది. తండ్రి ఇలారియోన్ పైజమా బొందు నడుముకు రెండు చుట్లు తిరుగుతోంది. చెంపలు లోపలికి పోయాయి. ఆ కాగితం పక్కన పెట్టి మనిషిని చూసే తీరిక ఇక్కడ ఎవరికీ లేదు.

"రోజూ సీసాడు కోడి చోర్బా, మన పుల్లటి సూపు, తెస్తున్నాను డాక్టరమ్మా. అదంతా ఎటు పోతోంది?"

"తింటున్నారు కాబట్టే నెత్తురు బాగుంది. మీరు ఊరికే బెంబేలు పడకండి."

జవాబు పక్క మంచం దగ్గర దొరికింది. గావ్రిలా తాత ఖాళీ సీసా తిరిగిచ్చేస్తూ, "మీ అమ్మను దేవుడు క్షమించుగాక తల్లీ. పులుపు సరిగ్గా కుదిరింది," అన్నాడు.

ప్రూత్ నది వైపు ఊళ్లలో 'దేవుడు క్షమించుగాక' అన్న మాట పోయినవాళ్ల పేరిట పెట్టింది తిన్నవాళ్లే అంటారు. ఒటీలియాకు సంగతి అర్థమైంది. అమ్మ పరస్కీవా పోయి ముప్పై రోజులు. నలభై నిండేదాకా ఆమె పేరిట పక్కవాళ్లకు పెట్టిన కూడే ఆమెకు చేరుతుందని, ఇచ్చిన నీళ్లే ఆమె తాగుతుందని అక్కడి నమ్మకం. అందుకే నాన్న తన చోర్బా గావ్రిలాకు, రొట్టె ఎదుటి మంచానికి, నీళ్ల సీసాలు వార్డంతటికీ పంచేశాడు.

"ఆసుపత్రిలో చేరిన ఈ పన్నెండు రోజులూ నువ్వేం తిన్నావు నాన్నా?"

"నాకేం తక్కువే. మీ అమ్మకు దాహమెక్కువ, తెలుసుగా."

ఒటీలియా పరుగున వెళ్లి చెప్పింది. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. నీళ్లు లేక నెత్తురు చిక్కబడి, ఉన్న కాస్త అల్బుమిన్ ఎక్కువగా కనబడిందట. రెండు సెలైన్లు ఎక్కించి మళ్లీ చూస్తే రెండు పాయింట్ నాలుగు.

"ఈ నెత్తురుతో కుట్లు అతకవు. ముందు తినాలి. గడ్డ మాత్రం ఎక్కువ రోజులు ఆగదు," అని తల వంచుకునే చెప్పింది.

ఇలారియోన్ పెదవులు బిగించాడు. "పది రోజులాగు. దాని నలభై నిండనీ."

ఒటీలియా బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆయన పంతం ఆయనదే. చివరికి కళ్లు తుడుచుకుని, చోర్బా గిన్నెలోకి వంచి, పోయినవాళ్ల పేరిట పెట్టేటప్పటిలా పక్కన కొవ్వొత్తి ఒకటి వెలిగించకుండానే పెట్టి, రెండు చేతులా అందించింది.

"పరస్కీవా ఆత్మకు. ఈ వార్డులో నీకంటే ఆకలి మీదున్న మనిషి లేడు. అమ్మ పేరు చెప్పి పెట్టింది వద్దంటావా?"

అలా పెట్టింది కాదనడం ఆయన పుట్టి ఎరగడు. "దేవుడు దాన్ని క్షమించుగాక," అని నోరు తెరిచాడు.

మొదటి చెంచా గడ్డం మీదికి కారిపోయింది. ఒటీలియా తుడిచి, రెండోది నింపింది.