రేకు లేని కారు

ప్యూతో ఊళ్లో కార్ల బాడీలు కట్టే షెడ్డులో లియోంతీన్ సీట్లకి తోలు కుట్టేది. యుద్ధం జరిగిన నాలుగేళ్లూ విమానాల రెక్కలకి నారగుడ్డ బిగించిన మనిషి.

ఆ శరదృతువులో కొత్త కారు బాడీని తూస్తే ఆరువందల నలభై కిలోలు తేలింది. నాలుగువందలు దాటితే ఇంజనుకి పూచీ లేదని, ఇంజనూ చక్రాలూ బిగించి ఇచ్చే ఛాసీ కంపెనీవాళ్లు ముందే చెప్పారు. షెడ్డు యజమాని మొర్వాన్ చెక్కలు చిత్రిక పట్టించాడు, రేకు పలచన చేయించాడు. తగ్గింది ముప్ఫై కిలోలే.

"రేకు తీసేద్దామండీ," అంది లియోంతీన్. "సన్నటి చెక్క చట్రం మీద రెక్సీను బిగిద్దాం. గుడ్డ రెక్కలతో విమానం ఎగరలేదా?"

రేకుపని పెద్దమేస్త్రీ గారిగూ సుత్తి పక్కన పెట్టాడు. "కారుకి గౌను కుడతావన్నమాట. వానొస్తే గొడుగు కూడా నువ్వే పడతావా?"

"మీ రేకు మోయలేక ఇంజను మూలుగుతోంది మేస్త్రీ."

మొర్వాన్‌కి వేరే దారి కనబడలేదు. నెల గడువిచ్చాడు.

వడ్రంగి చట్రం కట్టాడు, లియోంతీన్ రెక్సీను బిగించింది. బండి రోడ్డెక్కి వచ్చేసరికి ఒళ్లంతా కీచుమంటోంది, మూలల్లో గుడ్డ చిరిగింది. ఆమె చిరుగులో వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది.

గారిగూ మోకాళ్ల మీద కూర్చుని చట్రాన్ని అటూ ఇటూ ఊపి చెవి ఆనించాడు. "చెక్కా చెక్కా ఒరుసుకుంటున్నాయి. మధ్యలో గోరు పట్టేంత సందు వదిలి ఉక్కు పట్టీలతో కలుపు. చట్రం ఊగినా గుడ్డకి దెబ్బ తగలదు. పట్టీలు నేను కొట్టిస్తా."

"ఇది నిలబడితే మీ పనికే చేటు కదా?"

"మడ్‌గార్డులు కూడా గుడ్డతోనే కుడతావా ఏంటి?" నడుం పట్టుకుని పైకి లేస్తూ అన్నాడు, "ముప్ఫై ఏళ్లు బరువు మోసి నడుం పోయిందమ్మా. తేలికైంది ఒకటి చేసి చూడాలని నాకు మాత్రం ఉండదా?"

రెండో బాడీ మూడువందల ముప్ఫై తూగింది. మోంవలేరియన్ కొండ ఎత్తు మీదికి డ్రైవరు గేరు మార్చకుండా ఎక్కించాడు. వెనక సీట్లో గారిగూ కీచు కోసం చెవులు రిక్కించుకు కూర్చున్నాడు. టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఊఁ," అన్నాడు, పైకప్పు గుడ్డని అరచేత్తో నిమురుతూ. "కుట్టు బాగుంది."

వసంతానికల్లా మరో అయిదు బాడీలకి ఆర్డర్లొచ్చాయి. లియోంతీన్‌కి మొర్వాన్ కిటికీ పక్కన పొడుగాటి బల్ల వేయించి, కుట్టుపనికి ఇంకో నలుగురు ఆడవాళ్లని తీసుకోమన్నాడు. విమానాల షెడ్డులో తనతో పనిచేసి, ఇప్పుడు చాకిరేవులో చేతులు పగిలేలా బట్టలుతుకుతున్న మార్సెలీన్ ఇంటికి ఆ సాయంత్రమే లియోంతీన్ బయల్దేరింది.