ఇరవై వాక్యాల కాగితం

అత్తగారు పోయి ముప్ఫై ఏళ్ళయింది, మొగుళ్ళిద్దరూ పోయారు. అయినా వృద్ధాశ్రమంలో అందరూ వాళ్ళని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేవారు. తోడికోడళ్ళిద్దరిదీ తొమ్మిదేళ్ళుగా ఒకటే గది.

ఆ వారం సర్వే అమ్మాయి వచ్చింది. ముసలితనం గురించి మనసు ఏమనుకుంటే ఒళ్ళూ అలాగే నడుస్తుందట. అది కొలవడానికి ఇరవై వాక్యాల కాగితం తెచ్చింది. ఒక్కో వాక్యం తమకెంత నిజమో చెబితే మార్కు వేసుకుంటుంది. మార్కులు తక్కువైనవాళ్ళని నర్సు కనిపెట్టుకుని ఉండే కొత్త భవనానికి మారుస్తామన్నాడు మేనేజరు. అది ఊరికి ఆ చివర.

చిన్నదాన్ని అక్కడికి పంపేస్తారని పెద్దకోడలికి భయం పట్టుకుంది. అప్పటికే చెప్పొచ్చినవాళ్ళని అడిగి వాక్యాలు తెలుసుకుని, తమ వంతు ముందురోజంతా చిన్నదానికి పాఠం చెప్పింది.

"'ఈ వయసులో నేనెవరికీ అక్కర్లేదు.' ఏమంటావు?"

"అబద్ధం అంటాను."

"గట్టిగా అను. అత్తగారి ముందు కూడా ఇంత గొణగలేదు నువ్వు."

"ఆవిడకి చెవుడు కదక్కా, అరిచేదాన్ని."

మర్నాడు పెద్దకోడలు తన వంతు గడగడా చెప్పేసి, బయట బల్ల మీద కూర్చుని చెవి ఒగ్గింది. చిన్నకోడలు మొదటి మూడింటికీ నేర్పినట్టే చెప్పింది. నాలుగో వాక్యం, 'పొద్దున్నే ఉత్సాహంగా లేస్తాను.' దానికి మాత్రం నేర్పింది చెప్పలేదు.

"లేదమ్మా. మళ్ళీ తెల్లారిందా అనుకుంటాను, రోజూ."

మిగతా పదహారింటికీ నిజమే చెప్పింది.

"నోరెందుకు జారావే?" అంది పెద్దకోడలు గదిలో.

"జారలేదక్కా. ఇన్నేళ్ళలో ఎలా ఉన్నావని అడిగింది ఆ పిల్ల ఒక్కతే."

"పక్కనే ఉన్నాను కదే."

"ఉన్నావు. నేను దుప్పట్లో ఏడుస్తుంటే అటు తిరిగి పడుకునేదానివి."

 పెద్దకోడలు ఆ ఏడుపు విన్న మాట నిజమే. అడిగితే ఏం బయటపడుతుందో, బయటపడితే చిన్నదాన్నెక్కడికి తీసుకుపోతారో అన్న భయంతో అడగలేదు.

తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. "నేను చెప్పినవన్నీ అబద్ధాలు. మార్చి రాసుకుని నన్నూ అక్కడికే పంపండి."

మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ వేశాడు. "రెండంతస్తులు దిగొచ్చి నాతో పోట్లాడుతున్నారు పెద్దమ్మా. మీకు నర్సెందుకు?"

"మా చిన్నదానికి నేనెందుకో అడగరేం?"

"ఆ ప్రశ్న కాగితంలో లేదండీ."

సోమవారం వ్యాను వచ్చింది. చిన్నకోడలు బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దకోడలు కిటికీ ఊచ పట్టుకుని, "చెప్పవే, ఎప్పటినుంచి అలా ఉంది నీకు?" అంది.

చిన్నకోడలు మొదటినుంచీ చెప్పసాగింది. డ్రైవరు ఓపికున్నవాడు, ఐదు నిమిషాలు ఆగాడు. ఐదు నిమిషాల్లో మొగుడు పోయిన ఏడాది సంగతి కూడా పూర్తి కాలేదు.